గాలి ఎటు వీస్తోంది

జూన్‌లో ఇక్కడ రాత్రి పదకొండైనా
పొద్దు గుంకడానికి మొహమాటపడుతుంది.
తార్తు ఊరి చివర, రైలు పట్టాల పక్కన
ముప్పై ఒకటో నంబరు మడి నాది.
తాళంచెవితో పాటు తోట సంఘం వాళ్ళు
మోకాలెత్తు కలుపునూ అప్పగించారు.

దాని పేరు నాట్.
ఎవరూ నాటింది కాదు.
నా భాషలో ఆ మాటకు అర్థమేమిటో చెబితే
పక్కమడి మీల్దా నవ్వలేదు,
"మరి పీకడానికేం పేరు?" అంది.

మొదటి శనివారం అంగట్లోంచి
ఒక సీసా తెచ్చాను. ఎర్ర మూత,
మూత మీద పుర్రె కాదు గానీ
దాని తమ్ముడిలాంటి బొమ్మ.
మీల్దా చూసింది. మంచిదనలేదు, చెడ్డదనలేదు.
వేలు తడి చేసి గాల్లో పెట్టి
"ఇవాళ గాలి ఎటు వీస్తోంది?" అంది.
చెప్పలేకపోయాను.
సీసా షెడ్డులో అటకెక్కింది.

తర్వాత నేర్చుకున్నవి చాలావరకు ఆమె చెప్పినవి కావు,
చేస్తుంటే చూసినవి.
బంగాళాదుంపలు ఉడికించి వార్చిన నీళ్ళు
కెటిల్‌తో మోసుకొచ్చి
ఇటుక బాట సందుల్లో సలసలా పోస్తుంది.
సాయంత్రానికి అక్కడి గడ్డి
మగ్గిన తోటకూరలా వాలిపోతుంది.
దోకుడుపార ఎండ మండే వేళే బయటికి తీస్తుంది.
మబ్బు రోజున గీకితే
కలుపుకు క్షవరం చేసినట్టేనట.
ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి పరిచి,
తడిపి, పైన ఎండుగడ్డి కప్పి,
"రెండేళ్ళు చీకట్లో పెట్టు,
మనిషైనా మెత్తబడతాడు" అంది.
కాసేపాగి, "మా నాన్న తప్ప."

పార మాత్రం ముట్టనివ్వదు.
పారకు తెగిన ప్రతి ముక్కా ఒక మొక్క.
నాలుగు పళ్ళ ఫోర్కుతో నేలను గుల్ల చేసి
తెల్లటి వేరును, పాత స్వెట్టర్ విప్పుకున్నట్టు,
అది ఎటు పోతే అటు...

అది కంచె కిందికి పోయింది.

కంచె అవతల ఎల్మార్.
పదకొండేళ్ళ కిందట, గాలి రోజున
అతను కొట్టిన మందు ఇటు తేలొచ్చి
మీల్దా బ్లాక్‌కరెంట్ పొదలు ఆరూ
ఆకులు ముడుచుకుని చచ్చాయట.
అప్పట్నుంచి రెండు మడుల మధ్య మాట లేదు,
వేరు మాత్రం రాకపోకలు మానలేదు.

మీల్దా చాలాసేపు దాని కొస పట్టుకుని కూర్చుంది.
లాగితే తెగుతుంది.
వదిలేస్తే వచ్చే వారం మళ్ళీ ఇక్కడే.
"ఎల్మార్," అంది, కంచెతో చెప్పినట్టు,
"నీ వైపు నుంచి ఫోర్కు వెయ్యి."

అవతల కుర్చీ కిర్రుమంది.

రెండు గంటలు. మాటలన్నీ వేరు గురించే.
"కుడికి తిరిగింది."
"ఆగు, చీలింది."
"నెమ్మది."
నేను బకెట్టు పట్టుకుని
పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడ్డాను.
చివరికి మూరెడు వేరొకటి
ఇద్దరి చేతుల్లో, పలకల సందులో...
తెగింది.
"అయితే వచ్చే ఏడూ ఉండాల్సిందే మనం"
అన్నాడు ఎల్మార్.
మీల్దా నవ్విందో లేదో,
టోపీ అడ్డొచ్చింది.

తీసిన వేళ్ళను షెడ్డు రేకు మీద
వడియాల్లా ఎండబెట్టాం.
పచ్చిగా ఎరువు గుంటలో వేస్తే
అది వాటికి కాడు కాదు, పురిటిగది.

మంచు కరిగాక నాట్ మళ్ళీ వచ్చింది,
మడిచిపెట్టిన గొడుగుల్లాంటి ఆకులతో.
ఈసారి మీల్దా చాకు తెచ్చింది.
లేతవి కోసి, దుంపలేసి, సూపు.
కాస్త కొత్తిమీర కాడ రుచి, కాస్త పసరు.
మూడు గిన్నెలు. ఒకటి కంచె దాటి వెళ్ళింది,
ఉప్పు తక్కువైందన్న కబురుతో తిరిగొచ్చింది.

నేనేం మారిపోలేదు.
సీసా ఇంకా అటక మీదే ఉంది,
ఎక్కడ పారేయాలో తెలియక.
నడుం పట్టేసిన సాయంత్రాల్లో దాని వైపు చూస్తాను.
చూసి, వేలు తడిపి, తలుపు బయట పెడతాను.
ఎటు తిరిగినా
ఎవరిదో ఒక పొద.