అటు దారి

నాది మైకు సెట్టు పనండి.
మల్కిపురంలో రేకుల షెడ్డు, ముందు బోర్డు:
ఏలియా సౌండ్స్.
పెళ్ళికైనా దినానికైనా
సువార్త సభకైనా ఓణీల ఫంక్షనుకైనా
అవే పెట్టెలు, అదే హలో హలో.

మార్చి రెండో ఆదివారం కరవాకలో
యోగా, ధ్యానం, తీరం శుభ్రం చెయ్యడం
మూడూ కలిపి ఒకే కార్యక్రమం అన్నారు.
పదింటి ఆరాధనకి అందుకోవచ్చులే అని ఒప్పుకున్నాను.
తెల్లారుగట్ల మూడున్నరకే
ఇసకలో జనరేటరు దించి
సరుగుడు చెట్లకి ఎనిమిది ఫోకస్ లైట్లు కట్టి
పెట్టెలు నిలబెట్టాను,
సముద్రానికి వీపు పెట్టి.

అమలాపురం నుంచి హైమవతి టీచరుగారు
పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు.
అందులో అలల చప్పుడు.
"ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు.
యాభై అడుగుల దూరంలో అసలుది
కిరాయి అడక్కుండా మోగుతోంది.
డబ్బులిచ్చేవాళ్ళ మాట, పెట్టాను.
పెట్టెలో అలా, బయట అలా
తాళం కుదరక,
ఒకే సందులో రెండు బ్యాండు మేళాలు ఎదురుపడ్డట్టు.

బ్యాంకు వాళ్ళొచ్చారు, కాలేజీ పిల్లలు గోనెసంచులతో వచ్చారు,
రంగురంగుల చాపలు పరుచుకున్నారు.
చివర్న ఎండుచేపల నూకతల్లి
చిరిగిన వల మడిచి దాని మీద కూర్చుంది.

"ఊపిరి తీసుకోండి... ఆపండి..."
"ఆపడం మాకు చెప్పక్కర్లేదమ్మా,
పడవ కనపడేదాకా ఆపేవాళ్ళమే" అంది.
జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
"భుజాలు వదిలెయ్యండి" అన్నారు టీచరుగారు.
ముప్పై ఏళ్ళ గంప,
నెత్తి దిగినా భుజం దిగలేదు.

అప్పుడొచ్చాడు ఓలేటి వారి బుడ్డోడు, లాగూ ఎగలాక్కుంటూ:
"మామా, నీ మిషను కింద ఏవో పాకుతున్నాయి."

వంగి చూశాను.
తాబేటి పిల్లలు.
తడి చింతగింజల రంగు,
పసివాడి అరచేతిలో పట్టేంత.
గుడ్డు చీల్చుకుని, ఇసక తోడుకుని పైకొచ్చి
నా లైట్ల వైపు నడుస్తున్నాయి,
సముద్రానికి వీపు పెట్టి.

"దీపాలార్పరా సచ్చినోడా!
ఎక్కడ వెలుగుంటే అదే సముద్రమనుకుంటాయిరా అవి!"
నూకతల్లి గొంతుకి మైకు అక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళలో నన్ను ఆపమన్నది పోలీసులొక్కరే.
స్విచ్చు నొక్కాను.
లైట్లు పోయాయి. పెట్టెలో అల పోయింది.
జనరేటరు రెండు సార్లు దగ్గి ఊరుకుంది.

మిగిలింది
అసలుది.

వంద మంది కదలలేదు.
ఎక్కడ కాలేస్తే ఏమవుతుందోనని
ఎత్తిన పాదం ఎత్తినట్టే ఉంచాడో బ్యాంకాయన.
ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఎవరూ చెప్పలేదు.
మసక చీకట్లో ఇసక కదులుతున్నట్టు,
ఆగుతున్నట్టు, మళ్ళీ కదులుతున్నట్టు.
తిరిగాయండి. ఒక్కొక్కటే తిరిగాయి.
అల వచ్చి కొన్నిటిని వెనక్కి తోసింది,
ఇంకో అల తీసుకుపోయింది.
ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

తెల్లారాక జనరేటరు ఎత్తితే
కింద రెండు, డీజిలులో తడిసి.
నూకతల్లి వాటిని కొంగులోకి తీసుకుంది.
"మా ఆయన వలలో పెద్దవే పడేవి.
వల కొయ్యాలా, దాని మెడ పట్టాలా,
అప్పులోడి మొహం గుర్తొచ్చేది" అని
ఆగిపోయింది.
ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత గోనెసంచులు నిండాయి:
సీసాలు, చెప్పులు, తెగిన నైలాను తాళ్ళు,
వాటిలో రెండు మూరల సీరియల్ సెట్టు,
ఎవరి షెడ్డుదో నాకు తెలుసు.

ఆరాధన అందలేదు.
బిల్లులో ఆ చీకటి గంటని ఏమని రాయాలో తోచక
ఒక గీత గీసి వదిలేశాను.

వచ్చే శనివారం ఓడలరేవు ఇసకలో
ఎవరిదో పుట్టినరోజు, డీజే, లేజర్లు.
అడ్వాన్సు తీసుకున్నాను. పిల్ల ఫీజు కట్టాలి.
తీరం వైపు మాత్రం ఒక్క లైటూ కట్టనన్నాను.
"అదేంటి ఏలియా?" అన్నాడాయన.

"ఆయ్, అటు దారి వదలాలండి" అన్నాను.