ఏడో ప్రశ్న

యశ్వంతపురం మార్కెట్ వెనక, పొద్దున ఆరుంబావు.
హాజరు యంత్రం మీద బొటనవేలు పెట్టి
కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టి
నిలబడి ఉంది మారెక్క.
ఇరవై రెండేళ్ళ చీపురు వేలి గీతల్ని ఊడ్చేసింది.
ఎనిమిదోసారికి గాని యంత్రం ఆమెను గుర్తుపట్టలేదు.

తర్వాత నా వంతు.
ఆత్మగౌరవాన్ని కొలిచే కాగితం,
పది వాక్యాలు, ఒక్కోదానికి నాలుగు గడులు.
ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నేనే తెచ్చాను,
ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి
తేడా ఏమీ లేదన్నారు.

మూడోది: నాకూ ఒక విలువ ఉంది.
"ఎంత?" అంది ఓబుళమ్మ.
ఎగతాళి కాదు,
పోయిన నెల జీతం ఇంకా పడలేదు.

ఏడోది: ఒక్కోసారి నేను పనికిరానని అనిపిస్తుంది.
"అనిపిస్తాదిమ్మా, జొరమొచ్చిన పొద్దు.
అనిపిస్తే మాత్రం?
పనికి రాకుండా యాడికి పోతాం?
మేస్త్రీ హాజరు కొట్టేస్తాడు."
చెత్త ఆటో చుట్టూ నవ్వులు.
నేను కలిపి రాసిన మాటని
వాళ్ళు మధ్యకి విరిచి చూపించారు.
పెన్సిలు ఏ గడిలో పెట్టాలో నాకు తెలియలేదు.

రెండు వారాలకి మళ్ళీ అదే కాగితం.
"పోయినసారి ఏం చెప్పినానో అదే రాసుకో,
మాట మార్చేదాన్ని కాదు" అంది మారెక్క.
సార్ సంబరపడ్డారు,
రెండుసార్లూ ఒకే జవాబు, ఇదే కదా విశ్వసనీయత అని.

మార్కెట్ మలుపులో గుజరీ అంగడి.
అట్టపెట్టెలు తూచే కాటా
కిలోకి వంద గ్రాములు తక్కువ చూపిస్తుంది,
ఎవరు తూచినా, ఎప్పుడు తూచినా.
ఒక్కరోజూ మాట తప్పింది లేదు.

రాత్రి లెక్కలు వేశాను.
మారెక్కకి ముప్పైకి పదమూడు. తక్కువ, అని పక్కన రాయాలి.
ఆ ఉదయమే, మూడో అడ్డరోడ్డులో,
గేటు లోపలినుంచి ఒకావిడ చెంబు పైకెత్తి
దోసిట్లో నీళ్ళు పోయబోతే
దాహం లేదని చెప్పి
చీపురు తీసుకుని ముందుకి నడిచింది మారెక్క.
పెదాలు ఎండిపోయి ఉన్నాయి.
పదమూడు.

ఏడో ప్రశ్న తీసేస్తే ఆల్ఫా పెరుగుతుందని
పట్టిక చివరి వరసలో ఉంది.
అందులో మాత్రమే వాళ్ళు
నాతో నిజంగా మాట్లాడారని
ఏ వరసలోనూ లేదు.

తీసేశాను.
సున్నా పాయింట్ ఎనభై మూడు.
మిగిలిన తొమ్మిదీ ఇప్పుడు ఒకే మాట మీదున్నాయి.

సార్‌కి చెబుదామని ఫోను తీసి వేలు పెట్టాను.
ఒక్కసారికే గుర్తుపట్టింది.