ఆగస్టు సంగతి

కౌంటర్ అద్దానికి అటువైపు నుంచి
అందరూ అడిగేది ఒకటే:
"లీమా చూడ్డానికి ఏ నెల మంచిది?"

ఫిబ్రవరి, అంటాను.
నాకు జీతమిచ్చేది ఆ మాటకే.
ఫిబ్రవరిలో ఎండ కాస్తుంది, సముద్రం నీలంగా ఉంటుంది,
కొండ అంచు నుంచి గుడ్డ రెక్కలు కట్టుకుని మనుషులు ఎగురుతారు,
ఫోటోలో మీ ముఖం మీలాగే పడుతుంది.
రంగుల కాగితం మడిచి చేతికిస్తాను.
చిల్లర లెక్కపెట్టి ఇస్తాను.

ఆగస్టా? ఆగస్టులో ఏముందండీ,
గాడిద పొట్ట.
మా ఊరివాళ్ళు ఆకాశాన్ని అలాగే పిలుస్తారు.
మా నెత్తి మీద నిలబడి కదలనని మొరాయించే గాడిద,
నాలుగైదు నెలలు దాని పొట్ట కిందే మా కాపురాలు.
దుప్పటి ఉతికితే నాలుగో రోజుకీ ఆరదు.
మంచం కింద బూట్లకి బూజు గడ్డం మొలుస్తుంది.
ఉప్పు సీసా బోర్లిస్తే ఉప్పు రాలదు.
వాన మాత్రం పడదు. ఈ ఊళ్ళో పుట్టి
గొడుగు పట్టుకోకుండానే పోయినవాళ్ళున్నారు.
తడుస్తాం, ఎప్పుడు తడిశామో తెలీదు,
అప్పు పెరిగినట్టు.

ఇంతవరకూ అబద్ధం లేదు.
చెప్పనిది వేరే ఉంది.

ఆరింటికి షట్టరు దించి
రెండు బస్సులు మారి
మూడువందల పన్నెండు మెట్లెక్కుతాను.
మెట్లకి పసుపు రంగు వేశారు, ఎన్నికల ఏడాది.
పైన మా ఇల్లు: ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు,
గుమ్మం పక్కన నీలం డ్రమ్ము.
కింద పేటల్లో కుళాయి తిప్పితే నీళ్ళు.
మాకు లారీ వస్తే నీళ్ళు, లారీవాడు చెప్పిందే ధర.
వాళ్ళు పచ్చిక తడిపేదానికంటే
మేం గొంతు తడుపుకునేదానికి ఎక్కువిస్తాం.

మా తమ్ముడు లియోన్సియో
కొండ నెత్తిన రెండు గుంజలు పాతి వల కట్టాడు.
చూసినవాళ్ళంతా నవ్వారు.
ముసలి ఎర్మోహెనెస్ మరీ నవ్వాడు,
నలభై ఏళ్ళు రేవులో వల లాగినవాడు:
"చేపలు ఇంతెత్తుకి ఎగురుతాయట్రా?"

మే నెలాఖర్లో ఒక రాత్రి పొగమంచు వచ్చింది
సముద్రం మీంచి,
ఆలస్యంగా ఇల్లు చేరి
చెప్పులు చేత పట్టుకు నడిచే మనిషిలా.
వల కన్నుల్లో ఒక చుక్క చిక్కింది.
దాన్ని చూసి ఇంకొకటి.
గొట్టంలో జారి, డ్రమ్ము అడుగున
టప్.
చాలాసేపు ఏమీ లేదు.
టప్.
అమ్మ లేచి కూర్చుంది.
ఎర్మోహెనెస్ తలుపు తీసి నిలబడ్డాడు,
చొక్కా లేకుండా,
నవ్వకుండా.

ఇప్పుడు పద్దెనిమిది వలలు.

ఆగస్టుకి కొండ ఆకుపచ్చగా మారుతుంది. నమ్మరు.
ఫిబ్రవరిలో అది ఒట్టి మట్టికుప్ప,
కుక్కకి కూడా నీడ దొరకదు.
అదే కొండ మీద ఇప్పుడు మోకాలెత్తు గడ్డి,
రాళ్ళ సందుల్లో నాకు పేరు తెలీని ఊదా పూలు,
మేకల్ని తోలే పిల్ల పావడా అంచున పసరు మరక.
అంత పచ్చదనమూ గాలి తాగి బతికిందే.

పోయిన ఏడాది ఒకాయన వచ్చాడు, అరికా నుంచి,
లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరైనాడట.
ఫిబ్రవరి, అన్నాను.
"ఎండ మా ఊళ్ళోనూ ఉందమ్మా.
మీ ఊళ్ళో మాత్రమే దొరికేది ఏ నెలలో దొరుకుతుంది?"
కాగితం వెనక బస్సు నంబరు రాసిచ్చాను.
ఆదివారం వచ్చాడు, మెట్టు మెట్టుకీ రొప్పుతూ.
కాచి చల్లార్చిన నీళ్ళు అమ్మ గ్లాసుతో ఇచ్చింది.
తాగి, మా గుమ్మంలోంచి కిందికి చూశాడు.
ఊరు లేదు. సముద్రం లేదు. మూడో మెట్టు తర్వాత మెట్టే లేదు.
"ఏమీ కనబడ్డం లేదు" అన్నాడు,
పెళ్ళికొచ్చినవాడంత సంతోషంగా.

రేపు మళ్ళీ అద్దం వెనక కూర్చుంటాను.
మీరూ అడుగుతారు. ఫిబ్రవరి, అంటాను.
నా వేళ్ళ మీద నైలాన్ దారం కోతలు కనబడితే
చిల్లర తీసుకుని వెళ్ళిపోకండి.
రెండోసారి అడగండి.