లద్దె

పదకొండేండ్లుగా దాని కడుపు చప్పుడు పక్కనే పండుకున్నా.
నా నులక మంచం, ఒక దడి,
దడి అవతల పావురాయి.
రాత్రంతా లోపల ఎవరో
గులకరాళ్ల మీద బిందె దొర్లించినట్టు
గుడగుడ, గుడగుడ.
పిల్లోళ్లు బయపడితే
"తిన్న గడ్డిని లోపలోళ్లకు పంచుతాండాది, పండుకోండి"
అనేవాణ్ణి.
లోపలోళ్లెవరో నాకూ తెలీదు.

ఆ రాత్రి
చప్పుడు లేక మెలకువొచ్చింది.

ముందు పెండ్లి సంగతి చెప్పాల.
వాన మొగం చాటేసిన ఏడు.
కొర్రగడ్డి లేదు,
శెనక్కాయ కట్టె లారీలెక్కి కర్ణాటకకు పోతాండాది.
జట్కా ఎక్కే ఆదోని ఎప్పుడో ఆటో ఎక్కేసింది.
పెండ్లికొడుకుల్ని మోసేదే దానికి మిగిలిన పని.
పత్తి మిల్లు షావుకారింట్లో బరాత్.
వీపున జరీ గుడ్డ, నుదుట అద్దాల పట్టీ,
చెవుల పక్కన టపాకాయలు.
తెల్లారుజామున వంటోళ్లు పిలిచి
గంగాళం అడుగున మిగిలిన బూందీ,
రెండు బుట్టల అన్నం కుమ్మరించినారు.
"తిననీలే దస్తగిరీ, దానికీ పెండ్లే కదా."
తిననీలే, అన్నా నేనూ.
అది కడుపునిండా తినడం చూసి
ఎన్నాళ్లయిందో.

మరుసటి రాత్రి
ఎవరో పిలిచినట్టు మెడ తిప్పి
తన డొక్కనే చూసుకుంటాండాది.
నేల గీరింది. పండుకుంది. లేచింది. మళ్లా పండుకుంది.
గుర్రానికి కక్కడం రాదు,
మింగిందంతా మోయాల్సిందే.
మా అమ్మ కూడా అట్లాంటిదే.

డాక్టర్ సువార్త స్కూటరు దిగి
గొట్టం నాలుగు చోట్ల పెట్టి విన్నది.
కుడి పైడొక్క దగ్గర శానా సేపు.
"ఈడ నిమిషానికొకసారి
గుంతలోకి వంక దూకినట్టు వినపడాల."
నా చెవులకూ పెట్టింది.
ఎండిన కాలవకు చెవి పెట్టినట్టుండాది.

"గడ్డిని అరిగించేది గుర్రం కాదు దస్తగిరీ.
లోపల గోనెసంచంత తిత్తి ఉంది.
కంటికి ఆనని జీవాలు అందులో కాపురం.
పీచును పులియబెట్టి, బలం తీసి
దానికి బాడుగ కడతాయి.
నువ్వు వాటిండ్లలోకి తీపి వరద వదిలినావు.
తీపి తినేవి తెగబలిసినాయి,
గడ్డి తినేవి ఆ పులుపులో చచ్చినాయి."

పోయిన నెల దగ్గొస్తే
సంతలో ఆయనతో ఐదు సూదులు ఏపిచ్చిన సంగతి
అప్పుడు చెప్పినా.
ఆమె కండ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"అప్పుడే సగం ఊరు ఖాళీ అయింటాది."

ముక్కులోంచి పైపు, నరానికి సెలైను.
విషం గిట్టల్లోకి దిగకూడదని
సోడా అంగడి ఐసుగడ్డలు
నాలుగు బకెట్లలో.
మూడు దినాలకు ప్రాణం నిలబడింది,
కడుపు నిలబడలే.
పోసింది పోసినట్టు నీళ్లే.

"గడ్డి తప్ప వేరే రుచి తెలీని గుర్రం కావాల,
దాని లద్దె. వెచ్చగా ఉండంగానే."

ఆదోని మొత్తానికి అట్లాంటిది ఒకటే,
బోయ ఉరుకుందప్పది.
టేషను కాడ వరస కోసం కొట్లాడి
ఆరేండ్లు మాటల్లేవు మాకు.
రైలుకట్ట మీద గరిక మేసే దాన్ని చూసి
"గాడిద తిననిది తింటాండాది" అని
నలుగుర్లో నవ్వినోణ్ణి.

బకెట్ పట్టుకొని పోయినా.
"లద్దె కావాల."
తిడతాండాననుకున్నాడు.
అంతా చెప్పినాక బకెట్టు కల్లా చూసి,
నా కల్లా చూసి,
"ఉండు, అదింకా ఎయ్యలే" అన్నాడు.

ఆరేండ్ల తరవాత ఇద్దరం
ఒక తోక కల్లా చూస్తా కూర్చున్నాం.
బీడీ ఇచ్చినాడు.
రెండోదీ ఇచ్చినాడు.
తోక లేచినప్పుడు ఇద్దరం ఒకేసారి లేచినాం.

తడి గోనెలో చుట్టి పరిగెత్తినా.
మాబున్ని పాత వోణీలో వడగట్టి
గోరెచ్చటి నీళ్లు కలిపితే
డాక్టరమ్మ పైపులో పోసింది.
వీధి పిల్లోళ్లు ముక్కులు మూసుకొని చూసినారు.

ఐదో రాత్రి
దడి అవతల నుంచి
గుడ.
అంతే. ఒకటే.
మళ్లొస్తుందని
తెల్లారేదాకా మేలుకొనే ఉన్నా.

ఇప్పుడు పిడికెడు గడ్డితో మొదలు,
దినానికి ఇంకో పిడికెడు.
నిన్న షావుకారి మనిషొచ్చినాడు,
ఇంకో పెండ్లంట.
నెల ఆగమన్నా.
బాడుగ మాట తరవాత,
బూందీ మాట ముందు చెప్పినా.