మే ఒకటిన పాలు

లీట్రిమ్ కొండవాలు. వాన.
రాత్రే హనోరా అత్త
ఎర్రావు తోకకి గుడ్డపీలిక కట్టింది,
పాక గడపమీద పచ్చటి పూలు పరిచింది.

ఈనిన రోజు జున్నుపాల తొలిధార నేలకే,
గుట్టకింద ఉండేవాళ్లకి.
పేరెత్తం.

పశువుల డాక్టరు "మంచి ఆవు" అన్నాడు.
"దేవుడు చల్లగా చూడాలి" అని కూడా అనేదాకా
అత్త గేటు తియ్యలేదు.

"ఇవాళ ఇంట్లోంచి నిప్పు పోకూడదు,
నీళ్లు పోకూడదు, పాలు అసలే.
పోయాయా, ఏడాదంతా
కవ్వానికి వెన్న చిక్కదు."

తొమ్మిదింటికి తలుపు దగ్గర
కొత్తగా దిగిన పొరుగింటి ఫీక్రా,
చంకలో బిడ్డ, చేతిలో ఖాళీ సీసా.
వంతెన మునిగిందట,
కొట్టుకి దారి లేదట.

అత్త సీసాని చూసింది.
గుట్టవైపు చూసింది.
తెల్లావు పాలు నిండా పోసి
చిటికెడు ఉప్పు రాల్చింది.
ఉప్పు పడితే ఇచ్చినట్టు కాదట.
ఆ మాట నాకప్పటిదాకా చెప్పలేదు.

రాత్రి చాలాసేపు కవ్వం చప్పుడు.
వెన్న పడిందా అని నేనడగలేదు.

మర్నాడు మా గేటుకి వేలాడుతూ
కడిగిన సీసా,
మెడకి ఎర్రదారం.