మెట్లు దిగడానికి ఇరవై రెండు సెకన్లు

పత్రికవాళ్ళు ఫోన్ చేసి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.
నాకు మాటలు రావు, నకళ్ళు తీయడం వచ్చు.
ముప్పై ఎనిమిదేళ్ళు లెస్లీ క్వార్మ్‌బీ పెన్సిల్ గీతల్ని
సిరాలోకి మార్చినదాన్ని.
ఆయన షార్ప్ గుర్తు విరిగిన కిటికీ చట్రంలా ఉండేది.
అది షార్పో, విసుగో
నాకొక్కదానికే తెలిసేది.

హడర్స్‌ఫీల్డ్‌లో ఉన్ని మిల్లు. మిల్లుకో ఇత్తడి బ్యాండు.
అందులో తండ్రిది కార్నెట్.
కొడుకు శాక్సఫోన్ మోసుకొచ్చిన రాత్రి ఆయన
"ఇత్తడే గానీ, మన ఇత్తడి కాదు" అన్నాడట.
ఆ మాట లెస్లీ నాకు వందసార్లు చెప్పాడు,
ఒక్కసారి తప్ప ప్రతిసారీ నవ్వుతూనే.

పంతొమ్మిదేళ్ళకి ఓడెక్కాడు.
సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్, భోజనాల వేళ వాల్ట్‌జులు,
తుఫానులోనూ వాల్ట్‌జులే,
డ్రమ్ములు జారకుండా తాళ్ళతో కట్టుకుని.
రేవులో దొరికే రెండు రాత్రుల కోసం
రానూపోనూ పన్నెండు రోజులు.
ఏదో నేలమాళిగలో గోడకానుకుని విన్నదాన్ని
తిరుగుదారిలో బాయిలర్ గది పక్కన
ఎవరికీ వినపడకుండా
తప్పులు తప్పులుగా వాయించుకునేవాడు.
కస్టమ్స్ వాళ్ళు పెట్టె తిరగేసి వెతికారు.
తెచ్చింది పెట్టెలో లేదు.

తర్వాత లండన్. ఆర్చర్ వీధిలో సోమవారం మధ్యాహ్నాలు,
పేవ్‌మెంటు మీద వాద్యగాళ్ళ సంత.
బ్యాండుల్లో వాయించి, బ్యాండులకి రాసి,
ఆఖరికి తనే బ్యాండు పెట్టి మునిగాడు:
పదిహేడుమంది, ఒక పాత బస్సు, రెండు చలికాలాలు.
అప్పులవాళ్ళకి శాక్సఫోన్ తప్ప అన్నీ ఇచ్చేశాడు.
ఉంగరం మాత్రం హిల్డా తనే తీసి బల్ల మీద పెట్టింది.

సినిమా అలా వచ్చింది, ఆకలి దారిన.
మెడలో స్టాప్‌వాచ్, చెవి మీద పెన్సిల్.
ఆ నిర్మాతలకి జాజ్ అంటే నేరం.
హంతకుడు సిగరెట్ వెలిగిస్తే శాక్సఫోన్,
అమ్మాయి దారి తప్పితే శాక్సఫోన్,
బ్యాంకు గుమాస్తా అబద్ధమాడినా శాక్సఫోనే.
నలభై సినిమాల్లో హంతకులకి ఊపిరి పోశాడు,
ఇంటికెళ్ళి టమాటా మొక్కలకి నీళ్ళు పోశాడు.

ఒక సినిమా.
"ఆమె మెట్లు దిగడానికి ఇరవై రెండు సెకన్లు,
ఇరవై మూడోదానికి తలుపు" అన్నాడు దర్శకుడు.
ఆ వారమే తండ్రిని పాతిపెట్టి వచ్చాడు లెస్లీ.
పొద్దున నా బల్ల మీద ఒకే ఒక్క పేజీ.
వయొలాలు మూడు, వాటి మీద ఒంటరిగా ఆల్టో,
పక్కన వాద్యం పేరు రాయాల్సిన చోట
పెన్సిల్‌తో "మన ఇత్తడి".
ఎందుకిలా రాశావని అడిగితే మళ్ళీ అదే కథ చెప్పాడు.
నవ్వలేదు.

కండక్టర్ నవ్వుతాడని నేనది రబ్బరుతో తుడిచేసి
ఆల్టో శాక్స్ అని రాశాను. నా పని నేను చేశాననుకున్నాను.
రికార్డయింది. మర్నాడు దర్శకుడు విని
వాన చప్పుడు చాలన్నాడు.

డెబ్బై నాలుగో ఏట ముందుపళ్ళు పోయాయి.
కట్టుడుపళ్ళకి మౌత్‌పీసు నిలవదు.
అప్పటికే కంప్యూటర్లు పార్టులు అచ్చేస్తున్నాయి,
ఇద్దరం ఒకే ఏడాది ఇంట్లో కూర్చున్నాం.

పోయిన మార్చిలో, హోవ్‌లో, ఆ వృద్ధుల గృహంలో
మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా.
ఏ సినిమా అని నన్నే అడిగాడు.
ఆమె మెట్లు దిగుతోంది, వాన చప్పుడు.
దుప్పటి మీద ఆయన వేళ్ళు కదలడం మొదలైంది,
ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద.
తలుపు తెరుచుకునేసరికి ఆగాయి.
నర్సు వణుకనుకుని దుప్పటి సర్దింది.
నేను సరిదిద్దలేదు.

పత్రికవాళ్ళకి సినిమాల జాబితా పంపాను,
తారీఖులు సరిచూసుకోమన్నాను.
ఆ ఒక్క పేజీ నా దగ్గరే ఉంది.
దీపానికి ఎదురుగా ఏటవాలుగా పట్టుకుంటే
తుడిచిన చోట
పెన్సిల్ నొక్కు ఇంకా కనిపిస్తుంది.