ఐదో బొత్తాం

నాలుగున్నాయి.
వైపరుది, దీపాలది, హీటరుది,
ఎందుకుందో ఎవరికీ గుర్తులేనిది ఒకటి.
చోక్ బొత్తాం ఉండాల్సిన చోట
చిటికెనవేలు పట్టేంత చీకటి.

హమమట్సులో, ఎన్షూ పొడిగాలి
రేకు తలుపు మీద రోజంతా దరువేసే షెడ్డులో
ఇసోగాయ్ మిత్సుఎ
అరవై ఆరు నాటి రెండు సీట్ల కారు కడుపులో
ఏడాదిగా వెల్లకిలా పడుకునే ఉంది.

ఇంజనుదేముంది, అంటుంది,
ఇంజనుకు అందరూ చుట్టాలే.
తలుపు లోపలి గుడ్డ, అద్దం తిప్పే పిడి,
పైకప్పు రెక్సిన్‌లో ఆ సన్నని చుక్కల వరస,
వీటికే దిక్కులేదు.
రోజూ చెయ్యి తగిలినవే ముందు పోతాయి.

చిబా పాత ఇనుప కొట్టుకు మూడుసార్లు వెళ్ళింది.
హొక్కైదో నుంచి ఒకాయన భద్రంగా దూదిలో చుట్టి పంపాడు,
లారీది.
కురషికిలో ఒకడు చెప్పిన ధరకు
బొత్తాంతో పాటు మోటారుసైకిలు కూడా రావాలి.

చివరికి వీధి మలుపులో ఒచియాయ్ తలుపు తట్టింది.
ఎనభై ఒకటి ఆయనకు.
నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో
పియానో మెట్లకు తెల్లరేకు అతికించిన వేళ్ళు.
వాయించడం మాత్రం రాదు.

"ఎంత తెలుపు?" అన్నాడు.
తెలుపంటే తెలుపేగా.
"కాదమ్మా. అన్నం తెలుపు వేరు, గంజి తెలుపు వేరు.
ఉతికిన దుప్పటి వేరు, జబ్బుపడ్డ గోరు వేరు."
నాలుగు బొత్తాలూ అరచేతిలో పోసుకుని వాసన చూశాడు.
"సిగరెట్లు బాగా తాగేవాడు," అన్నాడు,
చూడని మనిషి గురించి.

లేత్ మీద తిప్పాడు.
టీ డికాషన్లో ఉడికించాడు.
నాలుగింటి పక్కన కిటికీలో ఎండకు పెట్టాడు.
వేసవంతా అది
పంక్తిలో కొత్త అల్లుడిలా
తెల్లబోయి కూర్చుంది.
సెప్టెంబరుకి కాస్త కలిసిపోయింది.

పియానోలో వాడే ఎర్ర ఫెల్టు ముక్కలు కూడా ఇచ్చాడు, గుప్పెడు.
డాష్‌బోర్డు కింద, గ్లవ్ బాక్సు అంచున,
కిర్రుమనే ప్రతి సందులోనూ దూర్చింది మిత్సుఎ.
బండి మాట్లాడొచ్చు, సణక్కూడదు
అంటూ.

అక్టోబరులో ఎడమ సీటు పట్టాలు విప్పితే
కార్పెట్ అడుగున
పది యెన్ల నాణెం, అగ్గిపుల్ల,
పచ్చబడ్డ బొత్తాం.
సంకలో పిల్లను పెట్టుకుని
హొక్కైదో దాకా వెతికినట్టయింది.
మర నిలువునా చీలి ఉంది.
అంచున నాలుగు చిన్న గుంటలు.

సుగెనుమ వచ్చాడు. అరవై దాటినవాడు.
తండ్రి పోయాక తాళాలు చేతికొచ్చినవాడు.
ఆ గుంటల్ని గోటితో తడిమాడు.
కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"నా పళ్ళే."

కొంచెం ఆగి,
"కొరికితే ఊడొచ్చింది. సీటు కిందికి తోసేశాను.
నాన్న అక్కను నిలబెట్టి అడిగాడు.
నేను ఇక్కడే కూర్చుని
ఈ కిటికీలోంచే చూశాను."
అక్క ఇప్పుడు ఎక్కడుందని
మిత్సుఎ అడగలేదు.
బయట రేకు తలుపు రెండుసార్లు కొట్టుకుంది.

పాతదే బిగిద్దామని చూశారు. మర పట్టలేదు.
కొత్తదే ఎక్కింది.
లాగగానే ఇంజను దగ్గి, గొంతు సవరించుకుని
అందుకుంది.

కదిలే ముందు సుగెనుమ
పాత బొత్తాన్ని ఆష్‌ట్రేలో వేసి మూత మూశాడు.
సరస్సు వైపు మొదటి మలుపులోనే
లోపల గలగల.
రెండో మలుపులో మళ్ళీ.

పక్క సీట్లో మిత్సుఎ.
ఏడాదిపాటు ఒక్కో చప్పుడినీ
వెతికి వెతికి గొంతు నొక్కిన మనిషి.
జేబులో ఎర్ర ఫెల్టు ముక్క
ఇంకొకటి ఉంది.
తియ్యలేదు.